సోర్స్ కోడ్ నుంచి క్రిప్టో మైనింగ్: కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇంటి మీటర్ మీద గిట్టుబాటవుతుందా?

“పాత ల్యాప్‌టాప్ ఉందా? రాత్రి ఆన్ చేసి పడుకోండి, పొద్దున లేచేసరికి డబ్బులు!” ఇలాంటి థంబ్‌నెయిల్ ఒక్కసారైనా మీ యూట్యూబ్‌లో కనిపించే ఉంటుంది. వీడియో కింద ఓ డౌన్‌లోడ్ లింక్ ఉంటుంది. ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమంటారు, తర్వాత ఆ ఫైల్ రన్ చేయమంటారు. అంతే, మీరు మైనర్ అయిపోయినట్టే అంటారు. కరెంటు బిల్లు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ ఆర్టికల్‌లో ఆ పనిని పద్ధతిగా చేద్దాం. ఎవరో ఇచ్చిన ఫైల్ కాకుండా, మైనింగ్ సాఫ్ట్‌వేర్‌ను దాని సోర్స్ కోడ్ నుంచి మనమే ఎలా తయారు చేసుకోవాలో చూద్దాం. ఆ తర్వాత దాన్ని కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో ఓ మామూలు ఇంటి మీటర్ మీద నడిపితే నెలాఖరుకు ఏం మిగులుతుందో పైసలతో సహా లెక్కేద్దాం. ఫలితం ముందే చెప్పేస్తున్నాం: సాఫ్ట్‌వేర్ తయారు చేయడం నేర్చుకోదగ్గ పని. దాన్ని నెలంతా నడపడం మాత్రం నష్టం. కొన్ని ఇళ్లకైతే దాదాపు వెయ్యి రూపాయల నష్టం. ఎందుకో చూద్దాం.

మైనింగ్ అంటే అసలు ఏం జరుగుతుంది?

క్రిప్టోకరెన్సీలో బ్యాంకు ఉండదు. ఎవరు ఎవరికి ఎంత పంపారనే పద్దు పుస్తకాన్ని ప్రపంచమంతా ఉన్న కంప్యూటర్లు కలిసి రాస్తాయి. ఆ పుస్తకంలో కొత్త పేజీ రాసే హక్కు కోసం ఓ పోటీ జరుగుతుంది. ఆ పేజీనే బ్లాక్ అంటారు.

పోటీ దాదాపు లక్కీ డ్రా లాంటిదే. కంప్యూటర్ ఒక లెక్క చేస్తుంది, దాని ఫలితం ఓ చీటీ. ఆ చీటీని హ్యాష్ అంటారు. నెట్‌వర్క్ పెట్టిన హద్దు కంటే చిన్న సంఖ్య వస్తే గెలిచినట్టు. లేకపోతే ఇంకో చీటీ. సెకనుకు ఎన్ని చీటీలు తీయగలరన్నదే మీ హ్యాష్‌రేట్. తెలివితో గెలిచే పోటీ కాదిది. ఎవరి దగ్గర ఎక్కువ చీటీలుంటే వాళ్లకు ఎక్కువ అవకాశం.

బిట్‌కాయిన్ 2009 జనవరి 3న మొదలైనప్పుడు మామూలు కంప్యూటర్ ప్రాసెసరే ఈ పని చేసేది. తర్వాత గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి, ఆ తర్వాత ఈ ఒక్క పనికే తయారైన ఏసిక్ మెషీన్లు వచ్చాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో బిట్‌కాయిన్ మైన్ చేయడమంటే చెంచాతో నిజాంసాగర్ ఖాళీ చేసినట్టే. ఇథీరియం అయితే 2022 సెప్టెంబర్ 15న మైనింగ్ పద్ధతినే పూర్తిగా వదిలేసింది. ఆ రోజుతో చాలామంది గ్రాఫిక్స్ కార్డులు అమ్మకానికి పెట్టారు.

మామూలు ప్రాసెసర్‌కు ఇంకా చోటున్న పెద్ద కాయిన్ మొనేరో. 2019 నవంబర్ 30న అది రాండమ్ఎక్స్ అనే లెక్క విధానానికి మారింది. ఏసిక్ మెషీన్లకు లాభం లేకుండా, మన ఇళ్లలో ఉండే ప్రాసెసర్లకే అనుకూలంగా దాన్ని డిజైన్ చేశారు. అందుకే పాత ల్యాప్‌టాప్ అని ఎవరైనా అంటే, దాని వెనక ఉండేది ఎక్కువగా మొనేరోనే. దానికి బాగా వాడే సాఫ్ట్‌వేర్ ఎక్స్ఎంరిగ్. ఇది ఓపెన్ సోర్స్. కోడ్ మొత్తం గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తుంది.

రెడీమేడ్ ఫైల్ ఉండగా సోర్స్ కోడ్ ఎందుకు?

ఎందుకంటే మైనింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఓ చెడ్డ చరిత్ర ఉంది. ఇతరుల కంప్యూటర్లలో దొంగచాటుగా మైనింగ్ చేయించడాన్ని క్రిప్టోజాకింగ్ అంటారు. 2017 సెప్టెంబర్‌లో వచ్చిన కాయిన్‌హైవ్ అనే సర్వీస్ దీన్ని మరీ సులువు చేసింది. వెబ్‌సైట్‌లో చిన్న కోడ్ ముక్క పెడితే చాలు, ఆ పేజీ తెరిచినవాళ్ల ప్రాసెసర్లు మొనేరో మైన్ చేసేవి. 2019 మార్చి 8న అది మూతపడింది.

ఇది మనకు దూరమేం కాదు. 2018 సెప్టెంబర్‌లో సెక్యూరిటీ రీసెర్చర్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే ఇలాంటి దొంగ మైనింగ్ కోడ్‌ను కనిపెట్టారు. తిరుపతి మున్సిపల్ కార్పొరేషన్, మాచర్ల మున్సిపాలిటీ సైట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మున్సిపాలిటీ సైట్ తెరిచినవాళ్ల కరెంటుతో ఎవరో మైనింగ్ చేసుకున్నారన్నమాట.

యూట్యూబ్ లింకులో వచ్చే ఫైల్‌తోనూ ఇదే ప్రమాదం. అందులో ఉన్నది అసలు ఎక్స్ఎంరిగ్ అయినా, వ్యాలెట్ అడ్రస్ వేరేవాళ్లది ఉండొచ్చు. అప్పుడు బిల్లు మీది, కాయిన్లు వాళ్లవి. లేదా దాంతో పాటు మీ పాస్‌వర్డ్‌లు కాజేసే ప్రోగ్రామ్ కూడా రావచ్చు. యాంటీవైరస్ ఎలాగూ ఆఫ్ చేయించారు కదా.

ఇంకో మెలిక. అసలైన ఎక్స్ఎంరిగ్‌ను కూడా యాంటీవైరస్‌లు ప్రమాదంగానే చూపిస్తాయి, ఎందుకంటే దొంగలు కూడా వాడేది దాన్నే. కాబట్టి వార్నింగ్ వచ్చినప్పుడు అది అసలుదా నకిలీదా అని తేల్చుకోవడం మామూలు యూజర్‌కు చాలా కష్టం. సోర్స్ కోడ్ నుంచి మనమే తయారు చేసుకుంటే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది. కంపైల్ చేసే ఓపిక లేకపోతే, కనీసం ప్రాజెక్ట్ అధికారిక పేజీలో ఇచ్చే చెక్‌సమ్‌తో డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను సరిపోల్చుకోండి.

తయారీకి ఏం కావాలి?

64-బిట్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్ ఉండాలి. రాండమ్ఎక్స్ పూర్తి వేగంతో నడవాలంటే ర్యామ్‌లో దాదాపు 2.3 జీబీ దానికే కావాలి, కాబట్టి 4 జీబీ ర్యామ్ కనీసం, 8 జీబీ అయితే హాయి. ప్రాసెసర్ కొనేటప్పుడు మనం కోర్ల సంఖ్య, గిగాహెర్ట్జ్ చూస్తాం. ఇక్కడ వాటికంటే ముఖ్యం ఎల్3 క్యాష్. ఒక్కో థ్రెడ్‌కు 2 ఎంబీ ఎల్3 క్యాష్ కావాలి. అంటే 8 థ్రెడ్లున్నా క్యాష్ 6 ఎంబీనే ఉన్న ల్యాప్‌టాప్‌లో మూడు థ్రెడ్లే లాభంగా నడుస్తాయి. మిగతావి నడిపితే వేడి పెరుగుతుంది గానీ వేగం పెరగదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు లైనక్స్ అన్నింటికంటే సులువు. విండోస్ తీసేయాల్సిన అవసరం లేదు, ఓ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని దాని నుంచే బూట్ చేయొచ్చు.

స్టెప్ బై స్టెప్: కోడ్ నుంచి ప్రోగ్రామ్ దాకా

ఓ మాట ముందుగా: కమాండ్లను ఎప్పుడూ ఎక్స్ఎంరిగ్ ప్రాజెక్ట్ సొంత డాక్యుమెంటేషన్ నుంచే కాపీ చేసుకోండి, వీడియో డిస్క్రిప్షన్ల నుంచి వద్దు. ఏ కమాండ్ ఏం చేస్తుందో ఇక్కడ చెప్తాం. అది తెలిస్తే కళ్లు మూసుకుని పేస్ట్ చేయాల్సిన పని ఉండదు.

1. పనిముట్లు తెచ్చుకోవడం. ఉబుంటు టెర్మినల్‌లో ఒకే ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఆరు వస్తాయి. కోడ్ తెచ్చే గిట్, కంపైలర్ ఉండే బిల్డ్-ఎసెన్షియల్, కోడ్‌ను మీ మెషీన్‌కు తగ్గట్టు సిద్ధం చేసే సీమేక్. వీటితో పాటు మూడు లైబ్రరీలు: నెట్‌వర్క్ పనికి లిబ్‌యూవీ, ఎన్‌క్రిప్షన్‌కు ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ప్రాసెసర్ నిర్మాణం తెలుసుకోవడానికి హెచ్‌డబ్ల్యూలాక్. లైబ్రరీల్లో ‘డెవ్’ అని చివర ఉండే ప్యాకేజీలే కావాలి. అవి లేకపోతే కంపైల్ ఆగిపోతుంది.

2. కోడ్ తెచ్చుకోవడం. గిట్ క్లోన్ కమాండ్‌తో కోడ్ మొత్తం మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ఇక్కడే జాగ్రత్త. గిట్‌హబ్‌లో అదే పేరుతో, అదే లోగోతో నకిలీ కాపీలు పెట్టడం పెద్ద పనేం కాదు. అడ్రస్‌లో ఓనర్ పేరు, ప్రాజెక్ట్ పేరు రెండూ ఎక్స్ఎంరిగ్ అనే ఉన్నాయా, అక్షరం అటూఇటూ అయిందా చూసుకోండి.

3. కోడ్ ఒకసారి చూడటం. అంతా చదవక్కర్లేదు. సోర్స్ ఫోల్డర్‌లో ‘డొనేట్ డాట్ హెచ్’ అనే చిన్న ఫైల్ తెరవండి. డిఫాల్ట్ డొనేషన్ 1 శాతం అని రాసి ఉంటుంది. అంటే ప్రతి 100 నిమిషాల్లో ఒక నిమిషం మీ ప్రాసెసర్ డెవలపర్ల కోసం పనిచేస్తుంది. రెడీమేడ్ ఫైల్‌లో దీన్ని 1 కంటే తగ్గించలేరు. సోర్స్ నుంచి తయారు చేస్తే ఆ అంకె మార్చుకోవచ్చు, లైసెన్స్ ఒప్పుకుంటుంది. మార్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఈ శాతం ఎక్కడ, ఎలా రాసి ఉందో మీ కళ్లతో మీరు చూశారు. సోర్స్ కోడ్ విలువ ఇదే.

4. సిద్ధం చేయడం. ‘బిల్డ్’ అనే ఫోల్డర్ తయారు చేసి, అందులోకి వెళ్లి సీమేక్ నడపాలి. ఇది మీ దగ్గర ఏ కంపైలర్ ఉంది, ఏ లైబ్రరీలు ఉన్నాయో వెతుకుతుంది. ఏదైనా దొరకలేదని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. ఆ మెసేజ్‌లోనే దాని పేరు ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి మళ్లీ నడపండి. హెచ్‌డబ్ల్యూలాక్ ఎంతకూ దొరక్కపోతే దాన్ని ఆఫ్ చేసే ఆప్షన్ సీమేక్‌కు ఇవ్వొచ్చు.

5. కంపైల్ చేయడం. ‘మేక్’ కమాండ్‌తో అసలు పని మొదలవుతుంది. ఒకేసారి ఎన్ని ఫైళ్లు కంపైల్ చేయాలో ఓ అంకెతో చెప్పొచ్చు. ర్యామ్ తక్కువున్న ల్యాప్‌టాప్‌లో అన్ని కోర్లూ ఇస్తే మెమరీ నిండిపోయి మధ్యలో ఆగిపోవచ్చు. అలాంటప్పుడు 2 పెట్టండి, కాస్త ఆలస్యమైనా పూర్తవుతుంది. చివరికి ఫోల్డర్‌లో ఎక్స్ఎంరిగ్ అనే ఫైల్ కనిపిస్తుంది. వెర్షన్ అడిగితే నంబర్ చెప్పిందంటే మీ పని సక్సెస్.

నడిపే ముందు కొలవండి

చాలామందికి తెలియని మంచి ఫీచర్ ఒకటుంది. ఎక్స్ఎంరిగ్‌లోనే ఓ బెంచ్‌మార్క్ ఉంది. పూల్ అక్కర్లేదు, వ్యాలెట్ అక్కర్లేదు, పైసా పెట్టుబడి లేదు. బెంచ్ ఆప్షన్‌తో 10 లక్షల హ్యాష్‌ల టెస్ట్ నడిపితే కొన్ని నిమిషాల్లో మీ మెషీన్ సెకనుకు ఎన్ని హ్యాష్‌లు ఇస్తుందో చెప్పేస్తుంది.

ఈ టెస్ట్‌లో రెండు విషయాలు గమనించండి. ఒకటి, స్క్రీన్ మీద హ్యూజ్ పేజెస్ 100 శాతం అని రావాలి. లైనక్స్ మామూలుగా మెమరీని 4 కేబీ ముక్కలుగా ఇస్తుంది. రాండమ్ఎక్స్‌కు 2 ఎంబీ ముక్కలైతే వెతుకులాట తగ్గి వేగం బాగా పెరుగుతుంది. రెండు, థ్రెడ్ల సంఖ్య తగ్గిస్తూ మళ్లీ టెస్ట్ చేయండి. సగం థ్రెడ్లతోనే దాదాపు అదే వేగం వస్తే, మిగతా సగం వృథాగా వేడెక్కుతున్నట్టు.

కరెంటు ఎంత తింటుందో కూడా కొలవాలి. వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఉంటే సులువు. లేకపోతే ఇంటి మీటరే చాలు. మీటర్ మీద ఎర్ర లైట్ మినుకుమినుకుమంటుంది కదా, దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. ఉదాహరణకు 3200 అని ఉందనుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి ల్యాప్‌టాప్ ఒక్కటే నడిపినప్పుడు 10 నిమిషాల్లో 32 మినుకులొస్తే, 0.01 యూనిట్ ఖర్చయినట్టు. అంటే ల్యాప్‌టాప్ దాదాపు 60 వాట్లు లాగుతోంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే ఫుల్ ఛార్జ్ అయి ఉండాలి, లేకపోతే ఛార్జింగ్ కరెంటు కూడా కలిసి లెక్క తప్పుతుంది.

ఇప్పుడు రాబడి లెక్క

మొనేరోలో సగటున 2 నిమిషాలకో బ్లాక్ వస్తుంది. 2022 జూన్ నుంచి ఒక్కో బ్లాక్‌కు స్థిరంగా 0.6 మొనేరో బహుమతి. రోజుకు 720 బ్లాక్‌లు, అంటే మొత్తం 432 మొనేరో. ప్రపంచంలోని మైనర్లంతా కలిసి పంచుకునేది ఇంతే. చిల్లర ట్రాన్సాక్షన్ ఫీజులు అదనం.

మీ ల్యాప్‌టాప్ సెకనుకు 2,000 హ్యాష్‌లు ఇస్తుందనుకుందాం. నెట్‌వర్క్ మొత్తం సెకనుకు 500 కోట్ల హ్యాష్‌లు చేస్తోందనుకుందాం. ఈ అంకె రోజూ మారుతుంది, మీరు చూసే రోజు అంకె వేసుకోండి. అప్పుడు మీ వాటా 25 లక్షల్లో ఒక వంతు. రోజుకు 0.00017 మొనేరో. మొనేరో ధర 25,000 రూపాయలు అనుకుంటే రోజుకు 4 రూపాయల 32 పైసలు. నెలకు దాదాపు 130 రూపాయలు.

ఖర్చు వైపు చూస్తే, 60 వాట్ల చొప్పున రోజంతా నడిస్తే 1.44 యూనిట్లు. నెలకు 43 యూనిట్లు.

మూడు ఇళ్లు, మూడు బిల్లులు

కామారెడ్డి జిల్లా ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోకి వస్తుంది. 2022 ఏప్రిల్ పెంపుతో వచ్చిన గృహ స్లాబులనే లెక్కకు తీసుకున్నాం. మీ బిల్లు మీద రేటు వేరుగా ఉంటే ఆ రేటే వేసుకోండి. ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు ఇందులో కలపలేదు.

మొదటి ఇల్లు: కామారెడ్డి టౌన్, నెలకు 230 యూనిట్లు. ఏసీనో, గీజరో ఉన్న ఇల్లు అనుకోండి. 200 దాటాక యూనిట్ 7 రూపాయల 70 పైసలు. అదనంగా 43 యూనిట్లకు 331 రూపాయలు. రాబడి 130. నెలకు 200 రూపాయలు చేతి నుంచి పోతాయి.

రెండో ఇల్లు: కామారెడ్డిలోనే, నెలకు 190 యూనిట్లు. 200 లోపు ఉన్నవాళ్లకు మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతవి 4.80 చొప్పున. బిల్లు 772 రూపాయలు. మైనింగ్‌తో 233 అవుతుంది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 రేటు, ఆ పైవి 7.70. బిల్లు 1,274 రూపాయలు. 43 యూనిట్లకు పడ్డ అదనం 502 రూపాయలు. అంటే యూనిట్‌కు 11 రూపాయల పైనే!

మూడో ఇల్లు: ఎల్లారెడ్డి, గృహజ్యోతి, నెలకు 170 యూనిట్లు. అసలు దెబ్బ ఇక్కడ. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతికి ఎంపికైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. కానీ 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాల్సిందే. 170కి 43 కలిపితే 213. మొదటి 200కు 1,020 రూపాయలు, మిగతా 13కు 100 రూపాయలు. సున్నా ఉన్న బిల్లు 1,120 రూపాయలైంది. 130 రూపాయల కాయిన్ కోసం!

“మా ఇంట్లో 100 యూనిట్లే కాలుతుంది, 143 అయినా జీరో బిల్లే కదా” అని మీరు అడగొచ్చు. చలికాలంలో లెక్క ప్రకారం నిజమే. కానీ ఏప్రిల్, మే వచ్చి కూలర్ రాత్రింబవళ్లు తిరిగే నెలలో ఆ 43 యూనిట్లే గీత దాటించేస్తాయి. పైగా ఆ కరెంటు ఉచితంగా పుట్టదు, ఆ బిల్లు ప్రభుత్వం కడుతోంది. ఇంటి అవసరాల కోసం ఇచ్చిన సబ్సిడీ అది.

పొలం దగ్గర పెడితే?

ఈ ప్రశ్న కూడా వస్తుంది కాబట్టి సూటిగా చెప్తాం: అస్సలు వద్దు. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. అది బోరు మోటార్ల కోసం. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. 135వ సెక్షన్ కింద విద్యుత్ చౌర్యం కేసు కూడా పడొచ్చు. కాలేజీ ల్యాబ్, హాస్టల్, ఆఫీసు కంప్యూటర్లలో నడపడం కూడా అలాంటిదే. కరెంటు మీది కానప్పుడు మైనింగ్ లాభంగా కనిపిస్తుంది. క్రిప్టోజాకింగ్ చేసే దొంగలకు కనిపించే లాభం కూడా అదే.

మరి ఫోన్‌లో?

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంటే ఇదే సోర్స్ కోడ్‌ను ఫోన్‌లోనే కంపైల్ చేయొచ్చు. హెచ్‌డబ్ల్యూలాక్ ఆఫ్ చేసి సీమేక్ నడపాలి, మిగతా పద్ధతి అంతా ఒకటే. మీ చేతిలోని ఫోన్ ఒక పూర్తి కంప్యూటర్ అని తెలిసే సరదా అది.

నెలల తరబడి నడపడం మాత్రం ఫోన్‌ను చంపుకోవడమే. ఫోన్‌కు ఫ్యాన్ ఉండదు. ఎల్లారెడ్డిలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే గదిలో ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బ్యాటరీకి అన్నింటికంటే పెద్ద శత్రువు వేడి. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండి, ఎప్పుడూ వేడిగా ఉంటే ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. వచ్చే రాబడి చూస్తే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా రాదు.

ప్లే స్టోర్‌లో మైనింగ్ యాప్‌లు కనిపిస్తాయి కదా అంటారా? ఫోన్‌లోనే మైనింగ్ చేసే యాప్‌లను గూగుల్, ఆపిల్ రెండూ 2018లోనే నిషేధించాయి. ఇప్పుడున్నవాటిలో మీరు నొక్కే మైన్ బటన్ ప్రాసెసర్‌తో ఏ లెక్కా చేయించదు. పై నెట్‌వర్క్ యాప్ కూడా బ్యాటరీ తినదని తనే చెప్పుకుంటుంది. అది పాయింట్లు పంచే పద్ధతి, మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న మైనింగ్ కాదు.

అమ్ముకునేటప్పుడు

కాయిన్ వచ్చినా అది రూపాయి కావాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, సెస్ అదనం. 2022 జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. మైనింగ్‌కు పెట్టిన మౌలిక ఖర్చులను కాయిన్ కొన్న ధరగా ఒప్పుకోబోమని ఆర్థిక శాఖ 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. అంటే మొదటి ఇంట్లో 200 రూపాయలు నష్టపోయినా, వచ్చిన 130 మీద పన్ను మాత్రం ఉంటుంది.

మొనేరోకు ఇంకో ఇబ్బంది. లావాదేవీల వివరాలు దాచే కాయిన్ కాబట్టి చాలా ఎక్స్ఛేంజీలు దాన్ని వదిలేశాయి. బైనాన్స్ 2024 ఫిబ్రవరి 20న తీసేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు నేరుగా అమ్మితే, వాళ్లు వేసిన డబ్బు ఏదైనా సైబర్ మోసానిదైతే మీ బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అవుతుంది. 130 రూపాయల కోసం జీతం పడే ఖాతాను పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

“మెషీన్ మాది, పెట్టుబడి మీది” అంటే?

ఇంట్లో గిట్టదని తెలిశాక కొందరికి క్లౌడ్ మైనింగ్ మీద ఆశ పుడుతుంది. గెయిన్‌బిట్‌కాయిన్ కథ గుర్తుంచుకోండి. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు బిట్‌కాయిన్ ఇస్తామని చెప్పి దేశమంతా వసూలు చేశారు. నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యారు. కేసు తర్వాత సీబీఐ చేతికి వెళ్లింది.

ఎవరైనా మీ ఊళ్లో ఇలాంటి స్కీమ్‌తో వస్తే రెండే ప్రశ్నలు అడగండి. మెషీన్ హ్యాష్‌రేట్ ఎంత? యూనిట్ కరెంటు ఎంతకు కొంటున్నారు? పైన మనం వేసిన లెక్కలో ఆ రెండు అంకెలు పెడితే నిజం బయటపడుతుంది. జవాబు చెప్పకుండా, ఇంకో ముగ్గురిని చేర్చమంటే అది మైనింగ్ కాదు, గొలుసుకట్టు. ఇప్పటికే డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

మా మాట

ఎవరు చేయాలి? కామారెడ్డి, ఎల్లారెడ్డి డిగ్రీ కాలేజీల్లోనో, భిక్కనూరులోని తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్‌లోనో కంప్యూటర్స్ చదివేవాళ్లు తమ సొంత ల్యాప్‌టాప్‌లో ఒకసారి తప్పకుండా చేయండి. గిట్, సీమేక్, లైబ్రరీల లింకింగ్, ఎర్రర్ మెసేజ్ చదవడం, క్యాష్ మెమరీ వేగాన్ని ఎలా మారుస్తుందో చూడటం... ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో చేతికొస్తాయి. రేపు ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ కంపైల్ చేయాలన్నా ఇదే దారి.

ఎవరు వద్దు? నెలనెలా ఆదాయం ఆశించేవాళ్లు. అప్పు చేసి కొత్త మెషీన్ కొందామనుకునేవాళ్లు. ముఖ్యంగా గృహజ్యోతి బిల్లు 150 నుంచి 200 మధ్యలో వచ్చే ఇళ్లవాళ్లు.

కంపైల్‌కు, బెంచ్‌మార్క్‌కు కలిపి అరగంట అనుకోండి. 60 వాట్ల లెక్కన 0.03 యూనిట్. ఖరీదైన స్లాబులో వేసుకున్నా 23 పైసలు. పావలా కూడా కాదు. నేర్చుకోవాల్సింది ఆ అరగంటలోనే అయిపోతుంది. బెంచ్‌మార్క్ అంకె, మీటర్ మినుకుల లెక్క ఓ కాగితం మీద రాసుకుని, మీ బిల్లు పక్కన పెట్టి చూసుకోండి. ఆ తర్వాత కూడా నడపాలో వద్దో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.